బోదవ్యాధి: విజ్ఞానశాస్త్రం చేసినది, సమాజం చేయవలసినది

విజ్ఞానశాస్త్ర ప్రగతిని గూర్చి ప్రసంగించునపుడు మన దృష్టి సహజంగా ఆకాశం వైపు పోతుంది. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతం సమీపంలో దిగినపుడు దేశమంతా గర్వించినది. కోవిడ్ మహమ్మారి ప్రబలిన 2020వ సంవత్సరం ముగియక ముందే దానికి టీకా సిద్ధమైనది. ఇవి సామాన్యమైన విజయాలు కావు. ఐతే ఒక సమాజం యొక్క వైజ్ఞానిక ప్రగతిని కొలుచుటకు మరొక కొలబద్ద కూడ కలదు. ఎన్నడో మందు కనిపెట్టబడిన వ్యాధి ఆ సమాజంలో ఇంకను ఎందుకు మిగిలియున్నది అన్న ప్రశ్నయే ఆ కొలబద్ద.

మన గోదావరి డెల్టాకు ఈ ప్రశ్న బోదవ్యాధి రూపంలో ఎదురవుతున్నది. బోదకాలు అన్న మాట వినని ఇల్లు మన ప్రాంతంలో ఉండదు. ఈ వ్యాధికి వాడే ముఖ్యమైన మందు 1947లోనే లోకానికి వెల్లడి అయినది. దానిని వెలికితీసిన పరిశోధక బృందానికి నాయకత్వం వహించినవాడు మన భీమవరంలో పుట్టి, మన రాజమండ్రిలో చదువుకొన్న తెలుగువాడు. మందు వచ్చి డెబ్బది అయిదు సంవత్సరాలు దాటినది. వ్యాధి మాత్రం మన దేశాన్ని పూర్తిగా విడిచిపోలేదు. ఇందుకు గల కారణాలలో సగం శాస్త్రానికి, సగం సమాజానికి సంబంధించినవి. ఈ రెండింటిని కలిపి తెలిసికొనుట విద్యార్థులకు అవసరం.

పేరు, పూర్వచరిత్ర

ఇది ప్రాచీనమైన వ్యాధి. సుశ్రుతుడు తన సంహితలో దీనిని ‘శ్లీపదం’ అన్న పేరుతో వర్ణించాడు. అరబ్బు వైద్యులు దీనిని ‘దా-ఉల్-ఫీల్’, అనగా ఏనుగు వ్యాధి అన్నారు. పదకొండవ శతాబ్దికి చెందిన మహావైద్యుడు ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో దీనికి, కుష్ఠువ్యాధికి గల భేదాన్ని చర్చించాడు. ఆ కాలంలో ఈ రెండింటిని ఒకటిగా భావించి రోగులను ఒకే విధంగా దూరం చేయుట పరిపాటి గనుక, ఈ భేదాన్ని గుర్తించుట వైద్యానికే గాక మానవత్వానికి కూడ మేలు చేసినది. ఉర్దూలో నేటికిని దీనిని ‘ఫీల్‌పా’ అంటారు. ఫీల్ అనగా ఏనుగు, పా అనగా పాదం. మన వాడుకలోని ‘ఏనుగుకాలు’ అన్న మాట కూడ అదే అర్థాన్ని ఇస్తుంది. ఇంతమంది ఇన్ని భాషలలో ఒకే ఉపమానాన్ని వాడినారన్నచో ఆ రూపం చూపరులను ఎంతగా కలవరపెట్టినదో ఊహించవచ్చు.

పేరు అందరికి తెలిసినను కారణం ఎవరికిని తెలియలేదు. చెడు గాలి అని కొందరు, చెడు నీరు అని కొందరు, పూర్వజన్మ పాపమని మరికొందరు తలచారు. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధంలో ఈ తెర తొలగినది. 1866లో బ్రెజిల్ దేశంలో వుకరర్ అను వైద్యుడు రోగుల మూత్రంలో అతిసూక్ష్మమైన పురుగులను చూచాడు. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ అవే పురుగులను మానవ రక్తంలో కనుగొన్నాడు. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాన్‌క్రాఫ్ట్ పెద్ద పురుగును పట్టుకొన్నాడు. అందుచేతనే ఆ పురుగునకు వుకరేరియా బాన్‌క్రాఫ్టై అన్న పేరు వచ్చినది.

1877లో చైనాలోని అమాయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ ఈ పురుగు దోమ శరీరంలో పెరుగుతున్నదని నిరూపించాడు. ఒక కీటకం మానవ వ్యాధిని మోసికొని తిరుగుతుందని శాస్త్రీయంగా తేలుట అదే మొదలు. దానికి ఇరువది ఏండ్ల తరువాత, 1897లో, రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో మలేరియా క్రిమిని దోమలో గుర్తించుటకు మాన్సన్ ప్రోత్సాహమే ప్రేరణ. ఆ విధంగా దోమను దోషిగా నిలబెట్టిన మొదటి వ్యాధి మలేరియా కాదు, బోదవ్యాధి.

పురుగు, దోమ, మనిషి

మన శరీరంలో రక్తనాళాలతో పాటు శోషరస నాళాలు అనే మరొక నాళవ్యవస్థ కలదు. రక్తనాళాల నుండి కండరాలలోనికి ఊరిన ద్రవాన్ని తిరిగి రక్తంలో చేర్చుట దాని పని. పొలంలో మిగులు నీటిని తీసికొనిపోయే మురుగుకాలువ వంటిదని చెప్పవచ్చు. బోదపురుగు కాపురముండేది ఈ నాళాలలోనే. పెరిగిన ఆడపురుగు దారపుపోగు వలె సన్నగా 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మగది సుమారు 4 సెంటీమీటర్లు. ఇవి సాధారణంగా ఆరు నుండి ఎనిమిది సంవత్సరాలు జీవిస్తాయి. అంతకాలం ఆడపురుగు లక్షల సంఖ్యలో పిల్లపురుగులను రక్తంలోనికి విడుస్తుంది. వీటిని మైక్రోఫైలేరియా అంటారు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో నాల్గవ వంతుకు కొంచెం మించి ఉంటుంది.

ఈ పిల్లపురుగుల ప్రవర్తన విచిత్రమైనది. పగటివేళ ఇవి ఊపిరితిత్తుల సూక్ష్మనాళాలలో దాగియుండి, రాత్రి కాగానే చర్మానికి దగ్గరగా ఉన్న రక్తనాళాలలోనికి వస్తాయి. వీటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రివేళనే. ఈ కారణం చేతనే బోదవ్యాధి సిబ్బంది రక్తపు నమూనాల కొరకు రాత్రి ఎనిమిది గంటల తరువాత ఇండ్లకు వచ్చేవారు. పగలు రాక రాత్రి ఎందుకు వస్తారని అనుమానించి తలుపులు తీయనివారు ఉండేవారు. తగిన కారణం తెలియని చోట శాస్త్రీయమైన పని కూడ అనుమానాస్పదంగా కనిపించుట సహజమే.

దోమ కడుపులో చేరిన పిల్లపురుగు పది నుండి పదునాలుగు దినాలలో వ్యాధి కలిగించగల దశకు ఎదుగుతుంది. ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి కలదు. మలేరియా క్రిమి దోమలో వేల సంఖ్యలో వృద్ధి పొందుతుంది. బోదపురుగు అట్లు వృద్ధి పొందదు. ఒక పిల్లపురుగు ప్రవేశించినచో ఒక్కటే బయటకు రాగలదు. అందుచేత ఒకటి రెండు దోమకాట్లతో ఈ వ్యాధి రాదు. నెలల తరబడి, ఏండ్ల తరబడి దోమలు కుట్టిన పిమ్మట వ్యాధి స్థిరపడుతుంది. సాధారణంగా బాల్యంలోనే పురుగు ప్రవేశిస్తుంది. వాపు కనిపించేది యౌవనంలోనో, నడివయస్సులోనో. ఈ సుదీర్ఘమైన నిశ్శబ్దమే ఈ వ్యాధికి గల బలం. వ్యాప్తికి ఇన్ని దోమకాట్లు కావలసియుండుట దాని బలహీనత. ఈ బలహీనతను ఆధారంగా చేసికొనియే నిర్మూలన సాధ్యమని శాస్త్రజ్ఞులు ధైర్యం చెప్పగలిగారు.

మన డెల్టాలో ఎందుకు?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత గోదావరి డెల్టా అన్నపూర్ణ అయినది. మండపేట వంటి పట్టణాలు వరిపంటతోను, బియ్యపు మిల్లులతోను, ధాన్యపు వర్తకంతోను వృద్ధి పొందినవి. ఐతే నీరు తెచ్చుట ఒక ఎత్తు, వాడిన నీటిని పంపివేయుట మరొక ఎత్తు. డెల్టాలో నేల పల్లం. భూగర్భజలం పైకే ఉంటుంది. మురుగు సులభంగా సాగదు.

బోదవ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ పారే కాలువనీటిలో గ్రుడ్లు పెట్టదు. దానికి నిలిచిన మురికినీరు కావలెను. పారని సైడుకాలువలు, ఇంటి వెనుక కుళ్ళిన గుంటలు, మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకులు, ధాన్యం నానబెట్టిన నీరు నిలిచే పల్లాలు, కోనసీమలో కొబ్బరిపీచు నానబెట్టే గుంటలు, ఇవన్నియు దానికి పుట్టిండ్లు. కాబట్టి ఈ వ్యాధికి మూలం గోదావరి నీటిలో లేదు. మనం వాడి వదలిన నీటిని సాగనంపని అలసత్వంలో ఉన్నది. ఇటీవలి సంవత్సరాలలో ఇంటింటికి మరుగుదొడ్లు ఏర్పడుట గొప్ప మార్పు. కాని ట్యాంకు మూతకు బీటలు ఉన్నను, గాలిగొట్టానికి వల కట్టకున్నను అదే ఇంటివారికి దోమలను పెంచి ఇస్తుంది. గొట్టం కొనకు చుట్టే జానెడు నైలాన్ వలకు అయ్యే ఖర్చు అతిస్వల్పం.

ఈ వ్యాధి మన ప్రాంతంలో ఎంతగా పాతుకొనియుండెనో చెప్పుటకు ఒక్క నిదర్శనం చాలును. దేశం మొత్తం మీద బోదవ్యాధి శిక్షణకు, పరిశోధనకు నెలకొల్పిన మూడు ప్రాంతీయ కేంద్రాలలో ఒకటి కాలికట్‌లోను, ఒకటి వారణాసిలోను ఉండగా మూడవది రాజమండ్రిలో ఏర్పడినది.

మందును ఇచ్చిన తెలుగువాడు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. పేదరికంలో పెరిగి, రాజమండ్రిలో చదివి, మద్రాసు వైద్యకళాశాలలో చేరాడు. గాంధీజీ పిలుపు విని ఖాదీ దుస్తులు ధరించుట అక్కడి ఆంగ్ల ఆచార్యునకు రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తి పడవలసి వచ్చినది. మామగారు సమకూర్చిన ధనంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతోను అమెరికా చేరి హార్వర్డ్‌లో చదివాడు. శరీరంలో శక్తికి ఆధారమైన ఏ.టి.పి. అను పదార్థాన్ని గూర్చి 1929లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన పరిశోధన నేటికిని జీవరసాయన శాస్త్రంలో మూలస్తంభం.

1940లో ఆయన న్యూయార్క్ సమీపంలోని లెడర్లీ పరిశోధనాలయంలో చేరాడు. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికన్ సైనికులు అనేకులకు బోదపురుగు సోకుటతో దీనికి మందు కనిపెట్టవలసిన అవసరం అమెరికాకు కూడ కలిగినది. సుబ్బారావు నాయకత్వంలోని బృందం అనేక రసాయనాలను పరీక్షించి, పైపరజైన్ నుండి రూపొందించిన డైఇథైల్ కార్బమజైన్ అను మందును 1947లో ప్రకటించినది. హెట్రజాన్ అన్న పేరుతో అది ప్రసిద్ధి పొందినది. మన ఆరోగ్యకేంద్రాలలో డి.ఇ.సి. మాత్ర అని పిలిచేది దీనినే. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, రక్తకాన్సరు చికిత్సకు దారితీసిన మందులు కూడ ఆయన మార్గదర్శకత్వంలో వెలువడినవే. మరుసటి సంవత్సరమే, 1948 ఆగస్టులో, యాబది మూడేండ్ల వయస్సులో ఆయన మరణించాడు. జన్మభూమికి ఆయన తిరిగి రాలేదు. ఆయన మాత్ర వచ్చినది.

పన్నెండు దినాల నుండి ఒక్క దినానికి

భారత ప్రభుత్వం 1955లో జాతీయ బోదవ్యాధి నియంత్రణ కార్యక్రమాన్ని ఆరంభించినది. తొలి సంవత్సరాలలో జనమందరికి డి.ఇ.సి. మాత్రలు పంచుటకు ప్రయత్నించారు. ఆ ప్రయత్నం ఫలించలేదు. మాత్ర మింగిన తరువాత జ్వరం, తలనొప్పి రావడంతో ప్రజలు విముఖులైనారు. కొద్ది సంవత్సరాలలోనే సామూహిక పంపిణీ విరమించి, దోమపిల్లల నిర్మూలన మీదను, రక్తపరీక్షలో పురుగు బయటపడిన వారికి చికిత్స చేయుట మీదను ఆధారపడవలసి వచ్చినది. మందు గుణం లేక కాదు, మింగువారు లేక ఆ కార్యక్రమం ఆగినది.

ఆ చికిత్స పన్నెండు దినాలు. జబ్బున్నట్టు తోచని మనిషిని పన్నెండు దినాలు మందు మింగమనుట సులభం కాదు. 1980, 1990 దశకాలలో జరిగిన పరిశోధనలు ఈ చిక్కును విప్పినవి. సంవత్సరానికి ఒక్కసారి, ఒకే మోతాదుగా మింగినను రక్తంలోని పిల్లపురుగులు చాల కాలం అణగియుంటాయని తేలినది. ఆల్బెండజోల్ అను నులిపురుగుల మాత్రను జతచేసినచో ప్రయోజనం ఇంకను అధికం. 1997లో ప్రపంచ ఆరోగ్య మహాసభ బోదవ్యాధిని సామాజిక సమస్యగా లేకుండ నిర్మూలించవలెనని తీర్మానించినది. మన దేశంలో 2004 నుండి సామూహిక మందుల పంపిణీ విస్తృతంగా సాగినది. ఉభయ గోదావరి జిల్లాలు అందులో చేరినవి. 2007 నుండి ఆల్బెండజోల్ కూడ తోడైనది.

ఈ మాత్రలను అయిదారు సంవత్సరాలు వరుసగా ఎందుకు మింగవలెనని పలువురు అడుగుతారు. సమాధానం పురుగు ఆయుర్దాయంలో ఉన్నది. మందు పిల్లపురుగులను చంపుతుంది గాని పెద్దపురుగులను అన్నింటిని చంపజాలదు. పెద్దపురుగు సహజంగా చచ్చువరకు దాని సంతానం దోమకు అందకుండ చూచినచో వ్యాధి గొలుసు తెగిపోతుంది. ఐతే ఊరిలో నూటికి కనీసం అరువది అయిదు మంది ప్రతి సంవత్సరం మింగినప్పుడే ఈ లెక్క నిజమవుతుంది. మాత్రను తీసికొని అటకమీద పెట్టినవారు ఈ లెక్కలోనికి రారు. అందుచేతనే ఆరోగ్య కార్యకర్త తన ఎదుటనే మింగమని కోరుతారు.

ఇటీవలి ముందడుగు మూడు మందుల విధానం. డి.ఇ.సి., ఆల్బెండజోల్‌లకు ఐవర్‌మెక్టిన్ అను మూడవ మందును చేర్చినారు. ఐవర్‌మెక్టిన్‌కు మూలమైన పదార్థాన్ని ఆవిష్కరించిన సతోషి ఒమురా, విలియం కాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి లభించినది. పాపువా న్యూగినీ దేశంలో జరిగి 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, మూడు మందులను ఒక్కసారి మింగిన వారిలో దాదాపు అందరి రక్తంలోను మూడు సంవత్సరాల వరకు పిల్లపురుగులు కనిపించలేదు. అయిదారు సంవత్సరాల పనిని రెండు మూడు సంవత్సరాలలో ముగించగల ఆశ దీనివలన కలిగినది. మన దేశంలో 2018 చివరి నుండి కొన్ని జిల్లాలలో ఈ విధానం ప్రారంభమైనది. పరీక్షలో కూడ మార్పు వచ్చినది. వ్రేలి నుండి తీసిన రక్తపు చుక్కతో పగటివేళనే పురుగు జాడను కొన్ని నిమిషాలలో తెలుపగల పరీక్షాపట్టీలు వచ్చినవి. పంపిణీ ముగిసిన ప్రాంతంలో ఆరేడు సంవత్సరాల పిల్లలను ఇటువంటి పరీక్షకు గురిచేస్తారు. పంపిణీ ఆరంభమైన తరువాత పుట్టిన ఆ పిల్లల రక్తం శుభ్రంగా ఉన్నచో ఆ ఊరిలో వ్యాధి వ్యాప్తి ఆగినదని నిర్ణయిస్తారు.

ఫలితాలు కన్నుల ఎదుట ఉన్నవి. 2000 సంవత్సరంలో ప్రపంచంలో పన్నెండు కోట్ల మందికి ఈ పురుగు సోకియున్నదని అంచనా. 2018 నాటికి అది సుమారు అయిదు కోట్లకు తగ్గినది. చైనా 2007లోను, శ్రీలంక, మాల్దీవులు 2016లోను, బంగ్లాదేశ్ 2023లోను ఈ సమస్య నుండి విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. ఉప్పు ద్వారా డి.ఇ.సి. మందును ప్రజలకు అందించుట చైనా విజయానికి ఒక ముఖ్య కారణం. సుబ్బారావు పుట్టిన దేశం కంటె ముందు పొరుగు దేశాలు ఆయన మందు ఫలాన్ని అందుకొన్నవి. భారత ప్రభుత్వం 2027ను తన గడువుగా ప్రకటించియున్నది.

మనం ఎవరిని చూచి తప్పుకొంటున్నాము?

ఇక సమాజపు వైపు చూతము. బోదకాలు గలవారిని చూచి ప్రక్కకు జరుగుట, వారు కూర్చున్న బల్లమీద కూర్చొనకపోవుట, వారి ఇంట పెండ్లి సంబంధానికి వెనుదీయుట మన ప్రాంతంలో ఎరుగని విషయాలు కావు. ఆడపిల్ల కాలికి చిన్న వాపు కనిపించినచో తల్లిదండ్రులు వైద్యుని వద్దకు తీసికొనిపోవుటకు బదులు దాచిపెట్టుటకు ప్రయత్నిస్తారు. వరిబీజం గల పురుషులు సిగ్గుచేత ఏండ్ల తరబడి బాధను దిగమింగుతారు. దానిని ఒక సాధారణ శస్త్రచికిత్సతో సరిచేయవచ్చునన్న సంగతి చాలమందికి తెలియదు. పరదా పాటించే కుటుంబాలలో స్త్రీ తన కాలిని పురుష వైద్యునికి చూపుటకు సంకోచించి మొదటి దశను జారవిడుచుకొంటుంది. ఈ విధంగా పురుగు చేసిన కీడుకు తోడు సిగ్గు చేసిన కీడు కలుస్తున్నది.

ఇక్కడనే శాస్త్రం మన కన్నులు తెరిపించవలసిన ఘట్టం ఉన్నది. కాలు బాగా వాచినవారిలో అత్యధికుల రక్తంలో పిల్లపురుగులు ఉండవు. వారిలోని పురుగులు చనిపోయి చాల కాలం అయియుంటుంది. దెబ్బతిన్న శోషరస నాళాలు, వాటివలన నిలిచిన వాపు మాత్రమే మిగిలియుంటాయి. వారి నుండి దోమ తీసికొనిపోవునది సాధారణంగా ఏమియు ఉండదు. తాకినందువలన, కలిసి భుజించినందువలన ఈ వ్యాధి ఎన్నటికిని రాదు. మరి ఊరిలో పురుగును నిలుపుచున్నది ఎవరు? ఏ వాపును లేక, ఏ బాధయు ఎరుగక, రక్తంలో పిల్లపురుగులను మోయుచు నిద్రపోయే ఆరోగ్యవంతులు. వారిలో యువకులు ఉండవచ్చును, కళాశాల విద్యార్థులు ఉండవచ్చును, బోదకాలు గలవానిని చూచి ప్రక్కకు తప్పుకొన్నవాడే ఉండవచ్చును. అనగా మనం ఎవరిని దూరం చేస్తున్నామో వారివలన ప్రమాదం లేదు; “నాకేమి జబ్బు ఉన్నది?” అని మాత్రను నిరాకరించినవాని వలన ఉన్నది.

ఈ ఒక్క సత్యం గ్రహించినచో రెండు మార్పులు తప్పక వస్తాయి. రోగిపట్ల ఏవగింపు పోతుంది. ఆరోగ్యవంతుడు మాత్ర మింగుటకు కారణం తెలుస్తుంది. అది తన కొరకు మాత్రమే గాక, ప్రక్క ఇంటి పసిబిడ్డ కాలు కొరకు మింగే మాత్ర.

మాత్రను గూర్చిన వదంతులు కూడ మన మధ్య తక్కువగా లేవు. సంతానశక్తి పోతుందనుట అందులో ఒకటి. దీనికి ఆధారం లేదు. మింగిన కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరుగుట, వికారం కలుగుట నిజమే. రక్తంలోని పిల్లపురుగులు చనిపోవునపుడు శరీరం చూపే ప్రతిస్పందన అది. సాధారణంగా ఒకటి రెండు దినాలలో తగ్గిపోతుంది. ఖాళీ కడుపుతో మాత్ర మింగరాదు. రెండేండ్ల లోపు పిల్లలకు, గర్భవతులకు, తీవ్రమైన వ్యాధులతో ఉన్నవారికి ఇవ్వరు. రంజాన్ ఉపవాసాలలోనో మరే వ్రతంలోనో ఉన్నవారు ఆ సంగతి కార్యకర్తకు ముందే చెప్పి, ఉపవాసం విరమించి భుజించిన పిమ్మట తీసికొనవచ్చు.

కాలు కడుగుట అనే వైద్యం

ఇప్పటికే వాచిన కాలికి మాత్ర పెద్దగా పనిచేయదు. కాని వారికి చేయగలిగినది ఏమియు లేదనుట పొరపాటు. గజ్జలలో బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రబడి మండుట ఈ రోగులకు తరచు అనుభవమే. ఒక్కొక్క జ్వరం తరువాత కాలు ఇంకను లావవుతుంది. ఈ జ్వరాలకు కారణం చాలవరకు బోదపురుగు కాదు. వ్రేళ్ళ సందులలోని ఒరుపుల ద్వారా, పగుళ్ళ ద్వారా ప్రవేశించే సామాన్య సూక్ష్మజీవులు. కావున వాటిని ఆపగల మందు సబ్బు, నీరు.

ప్రతిదినం కాలిని సబ్బుతోను శుభ్రమైన నీటితోను మెల్లగా కడగవలెను. వ్రేళ్ళ సందులను, చర్మపు ముడతలను మెత్తని బట్టతో అద్ది తడి లేకుండ చేయవలెను. ఒరుపులు ఉన్నచో వైద్యుడు ఇచ్చిన లేపనం రాయవలెను. కూర్చున్నప్పుడు, పడుకొన్నప్పుడు కాలిని ఎత్తుగా ఉంచవలెను. మడమను పైకి క్రిందకు ఆడించు చిన్న వ్యాయామం చేయవలెను. చెప్పులు లేక నడవరాదు. ఈ నియమాలు పాటించినవారికి జ్వరాలు బాగా తగ్గుతాయి. జ్వరాలు తగ్గినచో వాపు పెరుగుట కూడ మందగిస్తుంది.

ఈ ఉపదేశంలో మనకు కొత్తదేమియు లేదని పాఠకులు గ్రహించియుందురు. నమాజుకు ముందు వజూ చేయునపుడు పాదాలను చీలమండల వరకు కడిగి, వ్రేళ్ళ సందులను చేతివ్రేళ్ళతో శుభ్రపరచుట ముస్లిం గృహాలలో నిత్యకృత్యం. బయటి నుండి వచ్చినవారు కాళ్ళు కడిగికొనియే లోపలికి రావలెనను నియమం హిందూ గృహాలలో అనాదిగా ఉన్నది. సబ్బును, పొడిబట్టను జతచేసినచో మన ఆచారమే మన వైద్యం కాగలదు. తన కాళ్ళు తాను కడుగుకొనలేని వృద్ధురాలికి ఇంటిలోని పిల్లవాడు ఆ సేవ చేసినచో, అంతకు మించిన వైద్యం ఏ ఆసుపత్రియు చేయలేదు.

మన కర్తవ్యం

విద్యార్థి మిత్రులారా! 1955లో మన దేశం చేసిన ప్రయత్నం ప్రజల సహకారం లేక ఆగినదని పైన చెప్పుకొన్నాము. ఆనాటి ప్రజలలో అక్షరాస్యులు తక్కువ. నేడు ప్రతి వీధిలో కళాశాల విద్యార్థి ఉన్నాడు. ఉర్దూలో మాట్లాడే ఇంటికి ఉర్దూలోను, తెలుగు ఇంటికి తెలుగులోను ఒకే సత్యాన్ని చెప్పగల సామర్థ్యం మన వంటి కళాశాలకు ప్రత్యేకంగా ఉన్నది. జాతీయ సేవా పథకం క్రింద మనం చేయగల పనులు ఇవి: మాత్రల పంపిణీ జరిగినచో మొదట మనం మింగి తరువాత ఇరుగుపొరుగు చేత మింగించుట, రక్తపరీక్షకు సిబ్బంది వచ్చినచో వారిని వెంటబెట్టుకొని ఇండ్లకు తీసికొనిపోవుట, పంపిణీ ముగిసిన చోట కూడ నిఘా అవసరమని చెప్పుట, మన వీధి సెప్టిక్ గొట్టాలకు వలలు కట్టుట, వాపును దాచుకొన్న స్త్రీలను మహిళా ఆరోగ్య కార్యకర్త వద్దకు మన సోదరీమణుల ద్వారా చేర్చుట. కళాశాల పాలకవర్గం వారు సంవత్సరానికి ఒక దినం ఇందుకు కేటాయించినచో ఈ పనులన్నియు పాఠ్యక్రమానికి ఏ భంగమును లేకుండ జరుగగలవు.

ఈ వ్యాధి విషయంలో శాస్త్రజ్ఞులు చేయవలసినది చాలవరకు చేసినారు. కారణం చెప్పినారు, దోమను చూపినారు, మందును ఇచ్చినారు, దానిని సంవత్సరానికి ఒక్కపూట పనిగా తేలిక చేసినారు. మిగిలినది ఒక గ్లాసు నీటితో మాత్ర మింగుట, ఒక గుంటను పూడ్చుట, ఒక రోగి ప్రక్కన జంకు లేక కూర్చొనుట. వీటికి పరిశోధనాలయాలు అక్కరలేదు. ఈ పనులు మనం చేయగలిగినచో, నేడు ఒకటవ తరగతిలో చేరిన పిల్లలు పెద్దవారైన నాటికి ఫీల్‌పా అన్న మాటను, బోదకాలు అన్న మాటను నిఘంటువులో మాత్రమే చూచెదరు గాక.